పక్కకి తోసిన ముచ్చెలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే జరిగినదాంట్లో సగం తప్పు నా కోపానిది. మిగతా సగం మా ఇంటి చెరకుది.

మాది ఎస్.కోట దాటాక కొండల దిగువన చిన్న ఊరు. మా నాన్న సోములుకి ఎకరన్నర చెరకు, ఇంకాస్త వరి. ఏటా చెరకు నాటే ముందు విత్తనం గడల్ని ముక్కలుగా కోస్తారు. వాటినే ముచ్చెలంటాం. ముచ్చెకి మూడు కణుపులుండాలి, కణుపుకొక కన్ను ఉంటుంది, ఆ కంట్లోంచే మొలక వస్తుంది. కోత కణుపు మీద పడకూడదు, కంటికి దగ్గరగా పడకూడదు, రెండు కణుపుల నడుమ సాఫీగా ఉన్నచోట పడాలి. ఈ పనిలో మా మేనత్త నారాయణమ్మ తరవాతే ఎవరైనా. నేను పుట్టకముందే మామయ్య పోయాడు, అప్పటినుంచీ అత్త మా ఇంట్లోనే ఉంది. దుంగ ముందు కూర్చుని కత్తి ఎత్తిందంటే గడ వంక చూసినట్టే ఉండదు. ఊరి సంగతులన్నీ చెబుతూనే ఉంటుంది, ముక్క మాత్రం తెగాల్సిన చోటే తెగుతుంది.

నా పని ఏరడం. ఐదేళ్ళ వయసు నుంచీ అదే. అత్త కోసిన ముచ్చెల్లో చీలినవి, పొట్టివి, వంకరవి, కన్ను నలిగినవి ఏరి పక్కకి తోసేయాలి. తోసేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని బడికి పరిగెత్తేదాన్ని. "మా రేక సెయ్యి పడితే సాలు, సెత్తంతా దానంతటదే పక్కకెలిపోతాది" అని నాన్న కూలివాళ్ళ ముందు గొప్పలు పోయేవాడు. నాకా రోజంతా నేల మీద కాలు నిలిచేది కాదు.

ఇంటర్ మొదటి ఏడాది నేను ఫిజిక్సులో తప్పాను. ఏరివేతలో అంత పేరు తెచ్చుకున్న పిల్లని నన్నే ఏరి పక్కన పెట్టారు. మూడో రోజు నాన్న అరుగు మీద కూర్చుని "సదువు ఒగ్గేద్దుం అప్పా. కుట్టుమిషన్ కొనిద్దుం దీనికి" అన్నాడు. అత్త చేటలో మినుములు చెరుగుతోంది. తలెత్తలేదు.

"కన్ను సచ్చిపోనేదురా. ఇంకోపాలి నాటి సూడు" అంది.

అక్కగారి మాట కాదనడం నాన్నకి చేతకాదు. నేను మళ్ళీ రాశాను, పాసయ్యాను, డిగ్రీ అయ్యాక విజయనగరంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరాను. అత్త అన్న ఆ మాట నేను అప్పట్లో పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన రోజు తరవాత వచ్చింది.

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్లో ప్రాజెక్టు చేయాలి. మా గైడు జగదీశ్వరి మేడం. వాళ్ళ నాన్నగారు విజయనగరంలో పేరున్న వీణ మాస్టారు. మేడం వీణ వదిలేసి సైన్సులోకి వచ్చారు కానీ చెవి మాత్రం వదల్లేదు. మేం సెమినార్ చెబుతుంటే కళ్ళు మూసుకుని వింటారు, ఎక్కడ తప్పు దొర్లితే అక్కడ కళ్ళు తెరుస్తారు. ఆ కళ్ళు తెరుచుకోకుండా సెమినార్ ముగిస్తే ఆ పూట క్యాంటీన్లో పండగే.

నా ప్రాజెక్టుకి సరుకు మా ఊరి నుంచే తెచ్చుకున్నాను. బెల్లం వండే చోట రసం మీద తేలిన మడ్డిని తీసి డ్రమ్ములో పోస్తారు. నాలుగు రోజులకి అది పులిసి పొంగుతుంది. ఆ మడ్డిలో రకరకాల ఈస్టులుంటాయి. రొట్టెల్లో వేసే ఈస్టు మనందరికీ తెలుసు, దానికి పక్కన చిన్న బొడిపె పుట్టి, పెరిగి, విడిపోతుంది. నాకు దొరికింది ఆ రకం కాదు. సన్నగా, పొడుగ్గా, మందు క్యాప్సూల్‌లా ఉంటుంది. రెండు చివర్లా పెరుగుతుంది. సరిపడా పొడవు పెరిగాక నట్టనడుమ అడ్డంగా గోడ కట్టుకుని రెండుగా తెగిపోతుంది. మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా అత్త దుంగ ముందు కూర్చున్నట్టే అనిపించింది.

అంత చిన్న ప్రాణికి నడుమ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మేడం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. కణం రెండు చివర్లా ఒక ప్రొటీను దట్టంగా ఉంటుంది, చివర నుంచి లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. దాని పని 'ఇక్కడ వద్దు' అనడం. కణం లోపల కేంద్రకం ఉంటుంది కదా, దాని నుంచి ఇంకో ప్రొటీను బయటికొచ్చి, కేంద్రకానికి ఎదురుగా ఉన్న పొర మీద పట్టీలా అతుక్కుంటుంది. దాని పని 'ఇక్కడే' అనడం. ఒకటి వద్దన్న చోటు వదిలి, ఇంకొకటి ఇక్కడే అన్నచోట కణం ఒక ఉంగరం కట్టి, సంచి మూతి తాడు లాగినట్టు బిగిస్తుంది. మామూలుగా కేంద్రకం నడుమనే ఉంటుంది కాబట్టి గోడ నడుమనే పడుతుంది.

నేను చేయాల్సింది తేలికే. మడ్డిలో దొరికిన ఈ ఈస్టు కూడా అలాగే తెగుతోందా లేదా కొలవాలి. గోడ పడుతున్న నాలుగు వందల కణాల్ని ఫొటో తీసి, గోడ నుంచి రెండు చివర్లకీ దూరం కొలిచి పట్టిక వేయాలి. ఫిబ్రవరి అంతా కళ్ళు పోయేలా కూర్చుని కొలిచాను. పట్టిక ముత్యాల్లా వచ్చింది. నాలుగు వందల కణాలు, ఒక్కదాంట్లో కూడా గోడ నడిమి నుంచి పక్కకి జరగలేదు.

మార్చి మొదటి వారంలో రిపోర్టు పట్టుకెళ్ళి మేడం ముందు పెట్టాను. సంతకం పెడితే వైవాకి వెళ్తాను. ఆ పైన బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ ఇంటర్వ్యూ ఉంది, దానికి మేడం ఉత్తరం కావాలి. మేడం పట్టిక మొదటి పేజీ చూశారు, రెండో పేజీ చూశారు. కళ్ళు మూసుకోలేదు.

"రేఖా, నాలుగు వందల్లో ఒక్కటీ తప్పలేదా?"

"లేదు మేడం."

"మా నాన్నగారి దగ్గర పిల్లలు కృతి వాయించేటప్పుడు ఒక్క తప్పూ రాకపోతే ఆయనకి అనుమానం వచ్చేది. కష్టమైన సంగతి దగ్గర దాటేసి వాయించాడేమోనని మళ్ళీ మొదటి నుంచి వాయించమనేవారు. ఇవి కణాలు చేసిన పని కాదమ్మా. కూర్చుని రాసిన అంకెలు."

"నేను దొంగ లెక్కలు రాశానంటారా?"

"అనను. ఏం జరిగిందో నువ్వే చెప్పు. చెప్పేవరకూ సంతకం పెట్టను. పదిహేను రోజులుంది."

రిపోర్టు లాక్కుని, తలుపు ధడాల్న వేసి బయటికొచ్చాను. మేడం గది తలుపు అలా వేసిన విద్యార్థి ఆ డిపార్టుమెంటులో అంతవరకూ లేరట. హాస్టల్‌కి వెళ్ళి సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సెక్కేశాను. దారంతా మేడంతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. ఫొటోలున్నాయి, తేదీలున్నాయి, కొలతలున్నాయి, అబద్ధం ఎక్కడుంది? సంతకం లేకపోతే ఏడాది పోయినట్టే. నాన్నకి మళ్ళీ కుట్టుమిషన్ గుర్తొస్తుందేమోనన్న భయం ఒకటి.

మర్నాడు పొద్దున్న ఇంట్లో ముచ్చెల కోత. ఆ ఏడు నాటు ఆలస్యమైంది. నా మొహం చూసి అత్త కత్తి ఆపింది.

"ఏటే గుంటా, ఏటైనాది?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే కూకో. ఏరు."

కూర్చున్నాను. మనసు విజయనగరంలో ఉంది, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. చీలినది పక్కకి, పొట్టిది పక్కకి, వంకరది పక్కకి. గంట గడిచేసరికి మంచివి ఒక పెద్ద కుప్ప, పక్కకి తోసినవి ఒక చిన్న కుప్ప. బడికి పోవాల్సిన పని లేదు కనక ఆ రోజు అక్కడే కూర్చున్నాను. అత్త కత్తి దించి, నడుం పట్టుకుని లేచి, నేను తోసేసిన చిన్న కుప్ప దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది. ఒక్కొక్కటీ తిప్పి చూసి మూడు చోట్ల పెట్టడం మొదలెట్టింది.

"అదేటత్తా? సెత్తలో ఏటి ఏరతన్నావు?"

"సెత్తేటే? నా తప్పులన్నీ ఇక్కడే కదా ఉన్నాయి. మంచియి సూస్తే నాకేటి తెలుస్తాది? ఇయి సూడు, సీలిపోనాయి. కత్తి నూరకముందు కోసినవి. ఇయి లోన ఎర్రగున్నాయి, అంటే మూల మడిలో గడకి తెగులున్నాది, ఆ మడి గడ ఇంక ముట్టకూడదు. ఇయి పొట్టివి. కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నకాడ ఆలాగే తెగుతాది. ఎప్పుడు తప్పినాదో, ఎందుకు తప్పినాదో ఇయ్యే సెప్తాయి."

"మరి ఇన్నేళ్ళూ నాను పారేసినవన్నీ..."

"నువ్వు బడికెల్లినాక నాను సూసుకునీదాన్ని. పారీడానికేటి, అంత కష్టపడి పెంచి."

నా చేతిలో ఒక ముచ్చె ఉంది. పొట్టిది. అది పక్కకి తోయబోతూ ఆగిపోయాను. నా చెయ్యి ఏం చేస్తోందో అప్పుడు కనబడింది నాకు. ఇంట్లోకి పరిగెత్తి ఫోను తెచ్చుకుని గ్యాలరీ తెరిచాను. మైక్రోస్కోపు కంటికి ఫోను ఆనించి తీసిన ఫొటోలన్నీ రెండు ఫోల్డర్లలో ఉన్నాయి. ఒకదాని పేరు 'ప్రాజెక్టు'. రెండోదాని పేరు 'ఏరినవి'. గోడ పక్కకి పడ్డ కణం కనిపించినప్పుడల్లా దాన్ని రెండోదాంట్లోకి తోసేసి, ఇంకో కణం వెతుక్కున్నాను. అలా నాలుగు వందలు నింపాను. తప్పు చేస్తున్నానని ఒక్కసారీ అనిపించలేదు. మా ఇంట్లో ఏరడం మంచి పని కదా.

మేడం చెవికి తప్పు సరిగ్గానే వినబడింది. నేను అబద్ధం రాయలేదు, కానీ కష్టమైన సంగతి దగ్గర దాటేసి వాయించాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అత్త ముచ్చెలు చూసుకుంటోంది.

"పొట్టివి ఏటి సేస్తావు?" అన్నాను.

"వరసలో మొలక రాని సోట పెడతాను. కన్నుంటే సాలు."

ఆ ఫోల్డర్లో యాభై ఏడు ఫొటోలున్నాయి. అత్త చేసినట్టే చేశాను. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఎప్పుడు తప్పింది? యాభై ఏడింట్లో నలభై ఒకటి రెండే రెండు రోజులవి. ఎందుకు తప్పింది? నోటు పుస్తకం తీశాను. ఆ రెండు రోజులూ ల్యాబులో కరెంటు పోయింది. ఈస్టు పెంచే పెట్టె ఆగిపోతే, మా అటెండర్ గంగులు ఎక్కడినుంచో ఐసుగడ్డ తెచ్చి, "ట్యూబులు ఇందులో పెట్టమ్మా, పాడైపోతాయి" అన్నాడు. కరెంటు వచ్చాక, పని తొందరగా తేలాలని ఆ చల్లటి ట్యూబుల్నే యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి, అడుక్కి దిగిన కణాల్ని తీసి చూశాను. మిగతా రోజుల్లో ఐసు లేదు, తిప్పడమూ లేదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికల్లా మేడం గది ముందున్నాను. ఈసారి తలుపు మెల్లగా తోశాను. ఫోను బల్ల మీద పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: ముచ్చెలు, ఏరడం, అత్త, రెండో ఫోల్డరు, ఐసుగడ్డ. మేడం కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయేదాకా తెరవలేదు.

"మీ అత్తగారు ఏం చదువుకున్నారు?" అన్నారు.

"వేలిముద్ర మేడం."

మేడం లేచి కోటు వేసుకున్నారు. "గంగులూ, ఐసు తీసుకురా."

ట్యూబులు ఐసులో పెట్టాం, తిప్పాం, గాజు పలక మీద కణాల్ని పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టాం. బతికున్న కణంలో కేంద్రకం లేత రంగు బిళ్ళలా కనిపిస్తుంది, చూడ్డం అలవాటైతే. మాకు కనబడుతున్న చోట పన్నెండు కణాలున్నాయి. చాలావాటిలో ఆ బిళ్ళ నడుమ లేదు, ఒక చివరికి జరిగిపోయి ఉంది. కణం లోపల కేంద్రకాన్ని నడుమ నిలబెట్టే సన్నటి దారాలుంటాయనీ, చలికి అవి విడిపోతాయనీ, పట్టు వదిలిన సమయంలో మనం గిర్రున తిప్పితే కేంద్రకం పక్కకి ఒరిగిపోతుందనీ మేడం చెప్పారు. వేడి తగిలాక దారాలు మళ్ళీ అల్లుకుంటాయి.

"ఇప్పుడు చూడు. గోడ పొడవుకి నడుమ పడుతుందా, కేంద్రకం ఉన్నచోట పడుతుందా?"

పది నిమిషాలకొక ఫొటో. పదకొండు అయింది. కొన్ని కణాల్లో కేంద్రకం మెల్లగా నడిమికి తిరిగి వస్తోంది. కుడివైపు మూల ఒక పొడుగాటి కణం ఉంది, తెగే వయసు వచ్చేసింది దానికి. దాని కేంద్రకం ఇంకా పక్కనే ఉంది. మేడం భోజనం డబ్బా తెరవలేదు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. పన్నెండున్నరకి ఆ కణంలో సన్నటి గీత కనబడింది. నడుమ కాదు. కేంద్రకం రెండుగా విడిపోకముందు ఎక్కడుందో సరిగ్గా అక్కడ. ఒకవైపు పెద్ద ముక్క, ఒకవైపు చిన్న ముక్క.

మేడం నా భుజం పట్టుకున్నారు. "చూశావా, కణం కొలతలో తప్పిందే కానీ పద్ధతి తప్పలేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నడుమ అనేది దానికి తెలియనే తెలియదు. దానికి తెలిసింది కేంద్రకమే. మంచి కణాలు నాలుగు వందలు చూసినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు, ఎందుకంటే వాటిలో నడుమా కేంద్రకమూ ఒకచోటే ఉంటాయి. నేను పక్కకి తోసినవే చెప్పాయి.

ఇది నేను కనిపెట్టిన కొత్త సంగతేమీ కాదు. పెద్ద ల్యాబుల్లో ఎప్పుడో తేల్చేశారు, మేడం ఆ వ్యాసాలు కూడా ఇచ్చారు. కానీ మా ఊరి మడ్డిలో, నా కళ్ళ ముందు, ఐసుగడ్డ సాయంతో తేలింది. మిగతా రోజులన్నీ అదే పని చేశాం. రిపోర్టు మళ్ళీ రాశాను. పాత పట్టిక తీసేద్దామంటే మేడం ఒప్పుకోలేదు. "అదీ ఉండాలి. ఎలా ఏరావో కూడా రాయి" అన్నారు. రాశాను. సంతకం పెట్టాక మేడం, "ఆ రోజు కూర్చుని రాసిన అంకెలన్నాను. అది నా తప్పు, మన్నించు" అన్నారు. అంత పెద్దావిడ నన్ను మన్నించమనడం నేను తట్టుకోలేకపోయాను. ఆ రోజు ఆవిడ మొహమాటానికి సంతకం పెట్టేసి ఉంటే నేను జన్మంతా ఏరుతూనే ఉండేదాన్ని. ఆవిడకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. తలుపు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

వైవా ఏప్రిల్లో అయింది. బెంగళూరు ఇంటర్వ్యూలో వాళ్ళు నా మంచి పట్టిక జోలికే పోలేదు, గంటసేపు ఆ యాభై ఏడు ఫొటోల గురించే అడిగారు. సీటు వచ్చిందని ఫోనులో చెప్పకుండా నేరుగా ఊరికి వెళ్ళాను, అత్తకి ఎదురుగా చెప్పాలని.

అత్త చేలో ఉంది. చెరకు మోకాలెత్తు మొలిచింది. సీటు మాట చెబితే "మంచిది" అని, చెంగుతో నా మొహం మీద చెమట తుడిచింది. తరవాత నన్ను ఒక వరస దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈ వరసలో నువ్వు తోసేసిన పొట్టియి పెట్టినాను, సందులున్న సోట. ఏయో పోల్సు సూద్దుం."

వంగి చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాను. పోల్చలేకపోయాను. అన్నీ ఒకలాగే పచ్చగా ఉన్నాయి. గట్టు మీద కూర్చుని ఆ కణం కథంతా అత్తకి చెప్పాను, గోడ పక్కకి పడడం, పెద్ద ముక్క, చిన్న ముక్క. అత్త శ్రద్ధగా వింది.

"మరి ఆ సిన్నముక్క?" అంది. "దానికి కన్నున్నాదా?"

కేంద్రకం రెండుగా విడిపోయాకే గోడ పడుతుంది. చిన్నదానికీ తన వంతు కేంద్రకం దక్కుతుంది. నాలుగు గంటలు ఎక్కువ పట్టినా అదీ పెరిగి, సరైన పొడవుకి వచ్చి, నట్టనడుమ తెగడం మేం చూశాం. ఇదంతా చెప్పాలనుకున్నాను కానీ, ఇంటర్ తప్పిన ఏడు అరుగు మీద అత్త అన్న మాట ముందు గుర్తొచ్చింది.

"ఉన్నాది అత్తా" అన్నాను. "ఆ రోజు నాకూ ఉన్నాదని నువ్వు సెప్పకపోతే నాను ఇక్కడుండీదాన్ని కాదు. నీ రునం తీర్సుకోలేను."

"నానేటి సేసినాను? ఉన్నదాన్ని ఉన్నాదన్నాను" అని అత్త మోకాళ్ళ మీద చెయ్యేసి లేచింది. "పద, ఆ సివరి మడికి నీళ్ళు కట్టాల."

నేను చెప్పులు విప్పి, పార అందుకుని ఆవిడ వెనకాలే వెళ్ళాను.